ఒమన్ వాదీ గ్రామాలు: చారిత్రక స్వరూప పరిరక్షణ

ఒమన్‌లో కృష్ణా గోదావరుల వంటి నదులు లేవు. ఉత్తరాన ఒమన్ సింధుశాఖ తీరం వెంబడి సాగే హజర్ పర్వతాల లోయల్లో ఉన్నవి వాదీలు. ఏడాదిలో ఎక్కువ రోజులు గులకరాళ్లతో ఎండిపోయి కనిపించే ఈ ఏరులు కొండమీద వాన పడితే గంటల వ్యవధిలో గట్లు తెంచుకుంటాయి. వాదీ దైఖా, వాదీ బనీ ఖాలిద్ వంటి కొన్నింటిలో మాత్రం నీరు ఎప్పుడూ ఉంటుంది. ఈ వాదీల అంచున శతాబ్దాలుగా వెలసిన రాతి, మట్టి ఇళ్ల ఊళ్లు, వాటి కింద ఖర్జూర తోటలు, వాటిని తడిపే ఫలజ్ కాలువలు కలిసి ఒమన్ గ్రామీణ వారసత్వంగా గుర్తింపు పొందాయి. గత యాభై ఏళ్లలో వీటిలో చాలా ఊళ్లు ఖాళీ అయ్యాయి. మిగిలినవాటిని కాపాడటానికి ప్రభుత్వం, గ్రామస్థులు, విశ్వవిద్యాలయాలు, యునెస్కో చేస్తున్న ప్రయత్నాలు ఈ వ్యాసానికి విషయం.

ఏరు, ఊరు, తోట

వాదీ గ్రామం కట్టుబడిలో ఒక క్రమం కనిపిస్తుంది. వరద అందని ఎత్తులో, సాగుకు పనికిరాని రాతి నేల మీద ఇళ్లు ఉంటాయి. వాటి కింద మెట్లు మెట్లుగా తోటలు, అన్నిటికన్నా దిగువన ఏరు. మంచి మట్టి తక్కువగా ఉన్న చోట అంగుళం భూమి కూడా ఇంటి కింద వృథా కాకూడదన్నది పెద్దల లెక్క. పైన ఖర్జూరం, దాని నీడలో నిమ్మ, అరటి, దానిమ్మ, వాటికీ కింద పశువుల మేతకు లూసర్న్ గడ్డి, ఉల్లి, వెల్లుల్లి. ఒకే తడికి మూడు అంతస్తుల పంట. జబల్ అఖ్దర్ కొండల మీద అల్ ఐన్, అష్ షిరైజా గ్రామాల్లో ఈ మెట్ల మీదే గులాబీలు పండించి, వసంతకాలంలో పూలు కోసి, మట్టి బట్టీల మీద పన్నీరు తీస్తారు.

ఇళ్ల సముదాయాన్ని హారా అంటారు. ఇరుకు సందులు, ఊరి వాకిలి, కావలి బురుజు, మసీదు, మగవాళ్లు కూర్చుని పంచాయతీలు తేల్చుకునే సబ్లా అనే రచ్చసావడి హారాలో భాగాలు. గోడలు ఎండిన మట్టి ఇటుకలతో గానీ, మట్టితో పేర్చిన రాళ్లతో గానీ కడతారు. కప్పుకు ఖర్జూరపు మొద్దులు దూలాలుగా వేసి, పైన ఖర్జూరపు ఆకుల చాప పరిచి, దాని మీద మట్టి మెత్తుతారు. నీరు తగిలే చోట మాత్రం సరూజ్ వాడతారు. బంకమట్టిని బిళ్లలుగా చేసి ఎండబెట్టి, ఖర్జూరపు మొద్దుల పేర్పు మీద రోజుల తరబడి కాల్చి, పొడిచేసి, నీళ్లతో కలిపితే నీటిలోనూ గట్టిపడే గార తయారవుతుంది. సిమెంటు రాకముందు కాలువల లోపలి పూత, కోటల పైపూత, నీటి తొట్లు అన్నీ సరూజ్ పనే.

ఫలజ్: ఊరి ప్రాణం

ఈ గ్రామాల గురించి ఎక్కడ మొదలుపెట్టినా మాట చివరికి నీటి దగ్గరికే చేరుతుంది. ఫలజ్ అంటే పంపు లేకుండా, వాలు మీదే నీటిని ఊరికి తెచ్చే కాలువ. బహువచనం అఫ్లాజ్. వీటిలో మూడు రకాలు. దావూదీ ఫలజ్ కొండ పాదంలో పదుల మీటర్ల లోతున్న తల్లిబావి దగ్గర మొదలై, భూమి లోపల సొరంగంగా కిలోమీటర్ల దూరం నడిచి, ఊరి దగ్గర పైకి తేలుతుంది. సొరంగం పొడవునా పూడిక తీయడానికి, గాలి ఆడటానికి నిలువు బావులు తవ్వుతారు. ఐనీ ఫలజ్ ఊట నుంచి వస్తుంది. ఘైలీ ఫలజ్ వాదీలో పారే నీటిని పైభాగంలోనే పక్కకు మళ్లించి తెస్తుంది. వాన తగ్గితే మొదట ఎండేది ఈ ఘైలీ కాలువే.

1990ల చివర్లో జరిగిన జాతీయ లెక్కింపులో 4,112 అఫ్లాజ్ నమోదయ్యాయి. వాటిలో నీరు పారుతున్నవి 3,017. అంటే ప్రతి నాలుగింటిలో ఒకటి అప్పటికే ఎండిపోయింది. 2006లో యునెస్కో ఐదు అఫ్లాజ్‌లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది: నిజ్వాలో దారిస్, ఇజ్కిలో మల్కి, బిర్కత్ అల్ మౌజ్‌లో ఖత్మీన్, రుస్తాక్‌లో ముయస్సర్, సూర్ ప్రాంతంలో జీలా. ఈ పద్ధతి క్రీ.శ. 500 నాటిదై ఉండవచ్చని, ఈ ప్రాంతంలో సాగునీటి ఏర్పాట్లకు క్రీ.పూ. 2500 నాటి పురావస్తు ఆధారాలు కూడా ఉన్నాయని ఆ గుర్తింపు పత్రం పేర్కొంటుంది. కాలువలతో పాటు వాటికి కాపలాగా కట్టిన బురుజులు, వాటి నీటిని ఆశ్రయించిన మసీదులు, ఇళ్లు కూడా ఆ వారసత్వంలో భాగమే. భూగర్భ జలమట్టం పడిపోవడమే వీటికి ప్రధాన ముప్పు అని యునెస్కో అప్పుడే చెప్పింది.

ఊళ్లోకి వచ్చిన నీటికి వాడుక వరస ఉంది. కాలువ బయటపడే తొలి చోట తాగునీరు పట్టుకోవాలి. అక్కడ బట్టలు ఉతకడం, కాళ్లు కడుక్కోవడం తప్పు. తరువాత మసీదు దగ్గర నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే వజూ, ఆపైన మగవాళ్లకూ ఆడవాళ్లకూ వేర్వేరు స్నానఘట్టాలు, ఆఖరున తోటలు. తోటల్లో ముందు హక్కు ఖర్జూరానిది. కరువొస్తే దిగువనున్న కాయగూరల మళ్లు ఎండనిచ్చి చెట్లను బతికిస్తారు.

వంతును కొలిచే ప్రమాణం అథర్. ఒక అథర్ సుమారు అరగంట. పగటిపూట నేలలో పాతిన కర్ర నీడ, గుర్తుగా వరుసగా పెట్టిన రాళ్ల మీద ఎంత జరిగిందో చూసి వంతు మారుస్తారు. రాత్రి నక్షత్రాలు చూసి మారుస్తారు. కొండ వెనక సురయ్యా ఉదయిస్తే ఒకరి వంతు అయిపోతుంది, దబరాన్ వస్తే ఇంకొకరిది మొదలవుతుంది. ఆ సురయ్యా మన కృత్తికలే, దబరాన్ మన రోహిణే. కార్తెలు చూసి విత్తనం వేసిన తెలుగు రైతుకు ఈ గడియారం కొత్తగా తోచదు. చేతి గడియారాలు వచ్చాక నక్షత్రాల లెక్క చాలా ఊళ్లలో పోయింది. కొన్ని ఊళ్లలో ఇంకా బతికున్న ఈ విద్యను హారియట్ నాష్ అనే పరిశోధకురాలు గ్రంథస్థం చేశారు.

మడికి నీరు పెట్టడం చూస్తే ఈ వ్యవస్థ ఎంత సాదాగా నడుస్తుందో తెలుస్తుంది. కాలువ గోడకు ఒక చిన్న తూము ఉంటుంది. దానికి పలకరాయి అడ్డంపెట్టి, సందుల్లో పాతగుడ్డ దోపి, మట్టి మెత్తి మూసేస్తారు. వంతు రాగానే ఆ రాయి తీసి ప్రధాన కాలువకు అడ్డం పెడతారు, నీరు మడిలోకి తిరుగుతుంది. దీని వెనక ఉన్న పాలన మాత్రం పకడ్బందీగా ఉంటుంది. ఫలజ్‌కు వకీల్ పెద్ద. వంతులు చూసే అరీఫ్ ఆయన కింద పని చేస్తాడు. కొన్ని వంతులు కుటుంబాల సొత్తు, కొన్ని మసీదుకో బడికో వదిలిన వక్ఫ్ వంతులు. ఇంకొన్ని ఫలజ్ పేరిటే ఉంటాయి. వాటిని వేలం వేసి, వచ్చిన డబ్బుతో పూడిక తీయిస్తారు, పగుళ్లకు గార వేయిస్తారు. తెలంగాణ చెరువుల కింద తూము తీసి, మూసి, వంతుల వారీగా పొలాలకు నీరందించిన నీరటి వ్యవస్థకు ఇది దగ్గరి చుట్టం. ఒక తేడా ఉంది. మన దగ్గర నీటిపారుదల శాఖ వచ్చాక నీరటి పని చాలా చోట్ల కనుమరుగైంది. ఒమన్‌లో చాలా ఊళ్లలో అరీఫ్ ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

ఊళ్లు ఎందుకు ఖాళీ అయ్యాయి

ఒమన్ చమురు ఎగుమతి 1967లో మొదలైంది. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి దేశం మొత్తంలో తారు రోడ్డు పది కిలోమీటర్లకు మించి లేదు, బడులు మూడే. ఆ తరువాతి రెండు దశాబ్దాల్లో రోడ్లు, కరెంటు, ఆసుపత్రులు, సర్కారు కొలువులు వరసగా వచ్చాయి. కారు చేరని ఎత్తులో, కుళాయి లేని ఇంట్లో ఉండాల్సిన అవసరం తప్పింది. రోడ్డు పక్కన కాంక్రీటు ఇళ్లు లేచాయి. హారాలు మేకల కొట్టాలుగా, పాత సామాను గదులుగా మారాయి, కొన్నిచోట్ల వలస కూలీల బసలయ్యాయి. తోటల్లో ఖర్జూరం ఎక్కేదీ, కాలువ పూడిక తీసేదీ ఇప్పుడు ఎక్కువగా భారత్, బంగ్లాదేశ్‌ల నుంచి వచ్చిన కార్మికులే. సౌకర్యం కోరుకున్న గ్రామస్థులను తప్పుపట్టడానికేమీ లేదు. పరిరక్షణ పేరుతో మనుషుల్ని సంగ్రహాలయంలో ఉండమనడం అన్యాయం.

మట్టి ఇల్లు ఏటా మరమ్మతు కోరుతుంది. కప్పు మీద మట్టి తిరగవేయకపోతే, వాననీరు పోయే గొట్టం విరిగితే, కొద్ది వానలకే దూలం కుంగుతుంది. దూలం పడితే గోడ పడుతుంది. దీనికి తోడు వారసత్వపు చిక్కు ఒకటి ఉంది. ఇస్లామీయ వారసత్వ సూత్రాల ప్రకారం ఇల్లు తరతరానికీ వాటాలుగా చీలుతుంది. మూడు తరాలు గడిచేసరికి ఒక చిన్న ఇంటికి పదుల సంఖ్యలో హక్కుదారులు. అందరి సమ్మతి లేనిదే మరమ్మతు సాగదు, అందరినీ ఒకచోటికి చేర్చడం అసాధ్యం. కూలుతున్న హారాల్లో చాలావాటికి అసలు జబ్బు ఇదేనని అక్కడ తిరిగినవారు చెబుతారు.

నీటి దెబ్బ ఇంకా లోతైనది. డీజిల్ పంపులు, ఆపైన కరెంటు మోటార్లు వచ్చాక ఎవరి తోటలో వారు బోరు వేసుకున్నారు. జలమట్టం తల్లిబావి అడుగుకన్నా కిందికి దిగితే దావూదీ ఫలజ్ సొరంగం ఖాళీ. దీన్ని అరికట్టడానికి 1988లో రాజశాసనం నీటివనరులను జాతీయ సంపదగా ప్రకటించింది. తల్లిబావికి నిర్ణీత దూరం లోపల కొత్త బావులు తవ్వకూడదన్న నిబంధన కూడా వచ్చింది.

యుద్ధపు గాయం: తనూఫ్

నిజ్వాకు సమీపాన వాదీ తనూఫ్ ముఖద్వారంలో పాత తనూఫ్ ఊరి మొండిగోడలు నిలబడి ఉన్నాయి. 1950లలో జబల్ అఖ్దర్ యుద్ధంలో అప్పటి సుల్తాన్‌ను ఎదిరించిన ఇమామ్ పక్షాన నిలిచిన ఈ ఊరిపై, సుల్తాన్‌కు మద్దతుగా వచ్చిన బ్రిటిష్ వైమానిక దళం బాంబులు వేసింది. ఊరిని అక్కడే తిరిగి కట్టలేదు. శిథిలాలను అలాగే వదిలేశారు. వాటి పక్కనుంచే ఫలజ్ కాలువ నడుస్తుంది. ప్రతి పాతగోడనూ కొత్తగా మెరిపించడమే పరిరక్షణ అనుకునేవారు తనూఫ్ చూడాలి. ఇక్కడ శిథిలమే చరిత్ర పత్రం.

చట్టం, సంస్థలు, నేర్చుకున్న పాఠాలు

జాతీయ వారసత్వ మంత్రిత్వ శాఖ 1976లో ఏర్పడింది. 1980లో వచ్చిన జాతీయ వారసత్వ రక్షణ చట్టం స్థానాన్ని 2019లో సాంస్కృతిక వారసత్వ చట్టం తీసుకుంది. 2020లో వారసత్వం, పర్యాటకం ఒకే మంత్రిత్వ శాఖ కిందికి వచ్చాయి. ఈ కలయికలో లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది. డబ్బు వచ్చే దారి దగ్గరైంది, కానీ సందర్శకుడికి ఏది నచ్చుతుందో అదే వారసత్వం అనే ధోరణికి తలుపు కూడా తెరుచుకుంది.

యునెస్కోతో ఒమన్ అనుభవం అంత సాఫీగా సాగలేదు. 1987లో జాబితాకెక్కిన బహ్లా కోట దేశపు తొలి ప్రపంచ వారసత్వ స్థలం. కోటతో పాటు దాని కింది ఒయాసిస్, పన్నెండు కిలోమీటర్ల మట్టి ప్రాకారం అందులో భాగం. ఏటా వానలకు గోడలు కూలుతుండటంతో మరుసటి ఏడాదే అది ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలోకి వెళ్లింది. తొలి మరమ్మతుల పద్ధతి మీద నిపుణులు అభ్యంతరాలు చెప్పారు. మట్టి గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోదు. పైపూత గట్టిగానే కనిపిస్తుంది, వెనక గోడ పొడిగా రాలిపోతుంది. పాత పద్ధతిలో, మట్టితోనే ఏళ్ల తరబడి పనిచేశాక 2004లో బహ్లా ఆ జాబితా నుంచి బయటపడింది. మరో మూడేళ్లకు, 2007లో, అరేబియన్ ఒరిక్స్ అభయారణ్యాన్ని యునెస్కో జాబితా నుంచి పూర్తిగా తీసేసింది. చమురు అన్వేషణ కోసం ఒమన్ ఆ అభయారణ్యం విస్తీర్ణాన్ని తొంభై శాతం తగ్గించింది. ప్రపంచ వారసత్వ జాబితా చరిత్రలో అలా తొలగించిన మొదటి స్థలం అదే. బహ్లాను దక్కించుకోవడం, అభయారణ్యాన్ని పోగొట్టుకోవడం రెండూ ఒకే ప్రభుత్వం చేతిమీదుగా, మూడేళ్ల తేడాతో జరిగాయి.

పరిశోధన వైపు నిజ్వా విశ్వవిద్యాలయంలో అఫ్లాజ్ అధ్యయనానికి యునెస్కో పీఠం ఉంది. అబ్దుల్లా అల్ ఘాఫ్రీ ఈ రంగంలో ముఖ్యుడు. నీటి హక్కులకూ తెగల స్థావరాలకూ ఉన్న సంబంధం మీద జె. సి. విల్కిన్సన్ 1977లో వెలువరించిన గ్రంథం ఇప్పటికీ ఆధారంగా నిలుస్తోంది. మనహ్ పట్టణంలోని హారత్ అల్ బిలాద్ మట్టి ఇళ్లను సౌమ్యేన్ బంద్యోపాధ్యాయ్ ఏళ్ల తరబడి కొలిచి, గీసి నమోదు చేశారు. గోడ పడిపోయినా దాని కొలతలు మిగిలి ఉండటానికి ఇలాంటి పనే కారణం.

మిస్ఫాత్ అల్ అబ్రియీన్

అల్ హమ్రా పట్టణం పైన, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న ఈ ఊరు పరిరక్షణలో ఒమన్‌కు నమూనాగా నిలిచింది. ఇక్కడి ఇళ్లకు పునాదులు తవ్వలేదు. పెద్ద బండలనే పునాదిగా చేసుకుని వాటి మీద రాతి గోడలు లేపారు. కారు ఊరి మొదట్లోనే ఆగిపోవాలి. అక్కడి నుంచి కప్పు వేసిన సందుల గుండా మెట్లు దిగితే ఫలజ్ కాలువ ఎదురవుతుంది. దాని గట్టే నడకదారి, ఒకవైపు కొండ, రెండోవైపు మెట్ల తోటలు. ఊరి మీద రోగన్ బురుజు కాపలాగా కనిపిస్తుంది.

ఇక్కడ చొరవ ఊరివాళ్లదే. అబ్రీ కుటుంబాలు తమ పాత ఇళ్లను బాగుచేసి అతిథి గృహాలుగా మార్చాయి. దూలాలు, చాపలు, మట్టి పూత యథాతథంగా ఉంచి, లోపల మంచాలు, దీపాలు పెట్టాయి. తోటలో పండిన ఖర్జూరం, రొట్టె, కహ్వా కాఫీతో ఆతిథ్యం ఇస్తాయి. ఒంటి నిండా బట్టలు వేసుకోవాలనీ, అడగకుండా జనాన్ని ఫోటో తీయవద్దనీ ఊరి వాకిట్లోనే బోర్డులు ఉంటాయి. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ 32 దేశాల నుంచి 44 ఉత్తమ పర్యాటక గ్రామాలను ఎంపిక చేసినప్పుడు మిస్ఫాత్‌కు చోటు దక్కింది. అదే జాబితాలో మన భూదాన్ పోచంపల్లి కూడా ఉంది. ఒకచోట మగ్గం, ఇంకోచోట కాలువ. రెండుచోట్లా పాత పని ఆగకపోవడమే గుర్తింపు తెచ్చింది.

మిస్ఫాత్ ప్రభావం చుట్టుపక్కల కనిపిస్తోంది. నిజ్వా కోట పక్కనున్న హారత్ అల్ అఖ్ర్‌లో పట్టణ యువకులు ఇళ్లు తీసుకుని బసలుగా, కాఫీ దుకాణాలుగా తీర్చిదిద్దుతున్నారు. అల్ హమ్రాలో బైత్ అస్ సఫా అనే పాత మేడలో రొట్టె కాల్చడం, నూనె తీయడం వంటి ఇంటిపనులు చేసి చూపిస్తారు. బిర్కత్ అల్ మౌజ్‌లో ఖత్మీన్ ఫలజ్ బైత్ అర్ రుదైదా కోట పక్కనుంచి పారి మూడు సమాన పాయలుగా చీలుతుంది. పైనున్న పాత మట్టివాడ మాత్రం చాలావరకు ఖాళీగానే ఉంది. కాఫీ దుకాణాలతో నిండిన వాడ ఊరవుతుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. రాత్రిపూట దీపం పెట్టేవారు, పిల్లల్ని బడికి పంపేవారు లేని హారాను పరిరక్షించిన ఊరిగా లెక్కించడం కష్టం.

వరద, ఆనకట్ట

పాత ఊళ్లు ఎత్తులో కట్టినవి కాబట్టి వరదకు ఇళ్లు దక్కేవి, తోటలూ కాలువలూ దెబ్బతినేవి. 2007 జూన్‌లో గోను తుపాను సుమారు యాభై మందిని బలిగొంది. 2010లో ఫెట్, 2021 అక్టోబరులో షాహీన్ వచ్చాయి. 2024 ఏప్రిల్‌లో సమద్ అష్ షాన్ దగ్గర వాదీ పొంగి బడిపిల్లలు కొట్టుకుపోయిన ఘటన దేశాన్ని కుదిపేసింది. కొత్త ఇళ్లు, రోడ్లు ఏటి పడకల్లోకి జరగడం ఈ నష్టాలకు ఒక కారణం. పాతవారు ఎక్కడ కట్టలేదో గమనించడం ఇక్కడ ప్రాణరక్షణ సూత్రం.

ఏటికి అడ్డుకట్ట వేస్తే వేరే సమస్య. వాదీ దైఖా మీద 75 మీటర్ల ఎత్తున, పది కోట్ల ఘనపు మీటర్ల సామర్థ్యంతో కట్టిన ఆనకట్ట 2012లో ప్రారంభమైంది. దాని దిగువన మజారా గ్రామం, దాని పాత కోట, తోటలు ఉన్నాయి. ఏటి సహజ ప్రవాహం మీద బతికిన తోటలకు ఇకపై నీరు గేటు తీస్తేనే వస్తుంది. మన నాగార్జునకొండ, ఆలంపురం అనుభవాలు ఇంతకన్నా కఠినమైనవి. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా తవ్వి స్తూపాలను, విహారాలను కొండమీదికి చేర్చాం. శ్రీశైలం ముంపు నుంచి కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఆలంపురంలో కట్టాం. రాళ్లు దక్కాయి. ఏటి ఒడ్డున వాటి చుట్టూ బతికిన ఊళ్లు మాత్రం నీళ్లలో మునిగాయి.

సందర్శకులకు

ఒమన్‌లో పనిచేస్తున్న తెలుగువారు వేలల్లో ఉన్నారు. బిర్కత్ అల్ మౌజ్, నిజ్వా, మిస్ఫాత్ మస్కట్ నుంచి వారాంతంలో వెళ్లిరాగలిగినంత దగ్గరే. వెళ్లేముందు వాతావరణ హెచ్చరికలు చూసుకోండి. తలమీద ఎండ కాస్తున్నా ఎగువ కొండల్లో వాన పడి ఉండవచ్చు, పారుతున్న వాదీలోకి బండి దించడం అక్కడ చట్టరీత్యా నేరం కూడా. ఫలజ్ ఊళ్లోకి వచ్చే తొలి చోట కాళ్లు పెట్టకండి, సబ్బు వాడకండి. తూముకు అడ్డంపెట్టిన రాయి ఎంత చిన్నదైనా కదపకండి, అది ఎవరి వంతుదో వారికే తెలుసు. రాత్రికి ఆగదలిస్తే ఊరివాళ్లు నడిపే ఇంట్లోనే ఆగండి. మీరిచ్చే రియాల్ ఆ కప్పు మీది మట్టికీ, ఆ కాలువ పూడికతీతకూ చేరుతుంది.